ఉత్తుత్తి క్లచ్

కాలిఫోర్నియాలో చమురు బావుల ఊరైన ఆయిల్‌డేల్‌లో డెల్మర్ ప్రూయిట్ ఎడమ మోకాలు అరిగిపోయిన సంగతి మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, అతని కారు. పంతొమ్మిది వందల ముప్ఫై రెండు నాటి ఫోర్డు అది. పైకప్పు కోసి కిందికి దించి, బానెట్ తీసి అవతల పారేసి, ముందు భాగంలో దానికి తగని పెద్ద షెవ్రొలే ఇంజను కూర్చోబెట్టి, నాలుగు గేర్ల పెట్టె బిగించి, పెళ్లికి ముందునుంచీ డెల్మర్ సాకుతూ వచ్చిన హాట్ రాడ్. దాని క్లచ్ తొక్కాలంటే మొండికేసిన గాడిదను ఒంటికాలితో పక్కకి నెట్టేంత బలం కావాలి. ఆ వసంతకాలంలో ఒక సిగ్నల్ దగ్గర కాలు సగంలోనే జారిపోయింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనక చర్చి వ్యానులో ఉన్న ముసలమ్మలు హారన్ కొట్టారు.

తరవాత డాక్టరు కూడా అదే తీర్పు చెప్పాడు: "ఆ క్లచ్ అయినా మానెయ్, నడక అయినా మానెయ్."

ఇక మిగిలిన మందు ఒక్కటే. గేర్‌బాక్స్ ఊడదీసి, క్లచ్ అక్కర్లేని ఆటోమేటిక్ పెట్టుకోవడం. లోకంలో మరెవరికైనా ఇది చిన్న విషయమే. డెల్మర్‌కి కాదు. శనివారం సాయంత్రాల్లో వాళ్ల క్లబ్బు కార్లన్నీ బర్గర్ల కొట్టు ముందు వాలు స్థలంలో మూతులు రోడ్డువైపు పెట్టి బారులు తీరుతాయి. స్వయంగా గేర్లు మార్చే వీరులది పై వరస. ఆటోమేటిక్ వాళ్లది దిగువన, చెత్త డబ్బాల పక్కన, వెనక వరస. ఈ వర్ణాశ్రమ ధర్మాన్ని యువకుడిగా ఉన్నప్పుడు ప్రతిపాదించి, బల్ల గుద్ది నెగ్గించుకున్న మహానుభావుడు డెల్మరే. "గేర్లు దానంతటదే మార్చుకునేది కారు కాదురా, లిఫ్టు" అని ఆనాడు అతను సెలవిచ్చిన వాక్యం క్లబ్బులో ఇప్పటికీ చెలామణీలో ఉంది.

కారు అమ్మెయ్యాలి, వెనక వరసలో కూర్చోవాలి, లేదా మోసం చెయ్యాలి. డెల్మర్ బాగా ఆలోచించి, పరువుగల మనిషి కనక, మోసమే ఎంచుకున్నాడు.

షెడ్డు తలుపులు మూసి పని మొదలుపెట్టాడు. పాత గేర్‌బాక్స్ దింపాడు. క్లచ్ విప్పాడు. బరువైన చక్రం తీసి దాని స్థానంలో పలచటి పళ్ల రేకు బిగించాడు. ఇంజను ఇరుసు చివర బొడ్డులో చిన్న ఇత్తడి బుష్ ఒకటి ఇరుక్కుని ఉంటుంది. అది బయటికి వస్తేగాని ఆటోమేటిక్ లోపలికి పోదు. అది మాత్రం చచ్చినా రానంది.

"ఏమోయ్, రొట్టెలేవీ?" వంటింట్లోంచి అతని భార్య వానెటా కేకేసింది. "ఇప్పుడేగా ప్యాకెట్టు విప్పాను!"

"ఇంజన్లో ఉన్నాయి."

ఉన్నాయి మరి. తడిపిన రొట్టెను ఆ బొడ్డులో కుక్కి, ఇనప కడ్డీ పెట్టి సుత్తితో కొడితే, లోపలికి పోవడానికి చోటులేని రొట్టె బుష్‌ని వెనకనుంచి బయటికి తోస్తుంది. తోసింది కూడా. వానెటా వచ్చి చూసి, "పోన్లే, నా రొట్టె తిని కదిలినవాణ్ణి ఇన్నాళ్లకి చూశా" అంది.

ఆటోమేటిక్ ఎక్కింది. అడ్డదూలం కోసి వెనక్కి జరిపి అతికాడు, వెనక ఇరుసుకు పోయే గొట్టాన్ని కొలతకి కోయించాడు. ఆ తరవాత అసలు కళాఖండం. క్లచ్ పెడల్ని యథాస్థానంలోనే ఉంచి, దానికి దోమల తెర తలుపు స్ప్రింగు తగిలించాడు. కొత్త గేరు లీవరు మీద పాత లీవరు తాలూకు తెల్ల గుండు బిగించాడు. కిటికీలోంచి తొంగిచూసినవాడికి లోపల ఏ మార్పూ కనిపించదు.

ఖాళీ రోడ్ల మీద సాధన సాగింది. బండి గేరు మార్చుకున్న చప్పుడు వినగానే ఉత్తుత్తి క్లచ్ తొక్కి, గుండు కదపాలి.

"చర్చిలో కాళ్లతో చేతులతో ఆర్గన్ వాయిస్తున్నట్టున్నావ్" అంది పక్కన కూర్చున్న వానెటా. "అవునుగానీ, ఇప్పుడు నేనూ నడపొచ్చుగా? క్లచ్ బరువు, నీవల్ల కాదు అంటూ ఇన్నేళ్లు లాగించావు."

"క్లచ్ ఉందిగా."

"అది తలుపు స్ప్రింగు, డెల్మర్."

శనివారం వచ్చింది. డెల్మర్ ఇంజను ఉరిమించుకుంటూ వచ్చి, వానెటాని కొట్టు గుమ్మంలో దించి, పై వరసలో తన చోట ఠీవిగా ఆపాడు. చిరకాల మిత్రుడూ, అంతకన్నా చిరకాల వేధింపూ అయిన హార్లన్ ఎదురొచ్చాడు.

"ఏరా, కుంటి గుర్రం! మోకాలెలా ఉంది?"

"పెళ్లికొడుకు మోకాల్లా ఉంది."

అంటూనే డెల్మర్ ఇంజను కట్టేశాడు. చెయ్యి ఎప్పట్లాగే లీవర్ని మొదటి గేరులోకి లాగింది. దిగి తలుపు వేశాడు. బరువెక్కువని హ్యాండ్ బ్రేకుని ఏనాడో పీకి పారేశాడు. మొదటి గేరులో పడుకోబెడితే ఇంజనే కారుని పట్టుకుంటుంది, ఇన్నేళ్లూ పట్టుకుంది కూడా. కాకపోతే అది పాత గేర్‌బాక్స్. కదలకుండా నిలపాలంటే ఆటోమేటిక్‌లో వేరే స్థానం ఉంది. ఆ సంగతి డెల్మర్ తలకి తెలుసు, చేతికి తెలియదు.

ఇద్దరూ పది అడుగులు వేశారో లేదో, హార్లన్ అతని భుజం మీదుగా చూశాడు.

"నీ కార్లో ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరే?"

"మరి వెళ్లిపోతోందేంట్రా?"

వెళ్లిపోతోంది. తొందరేమీ లేకుండా, ఊరేగింపు పల్లకిలా, రెండు కార్ల మధ్య సందులోంచి వెనక్కి జరుగుతూ, వాలు దిగి, వెనక వరసలో ఖాళీగా ఉన్న చోట దూరి, చెత్త డబ్బాని సుతారంగా ఒకసారి తట్టి నిలబడింది.

కొట్టు ముందు బర్గర్లు నమలడం ఆగిపోయింది.

"గేర్లో పెట్టావా?" హార్లన్ మెల్లగా అడిగాడు.

"పెట్టాను."

"గేర్లో పెట్టిన కారు కదలదే! లిఫ్టయితే కదుల్తుందనుకో."

హార్లన్ వెళ్లి, ఇస్త్రీ చొక్కాతోనే కారు కింద పడుకుని చూశాడు. ఆ క్లబ్బులో అదొక హక్కు. లేచి దుమ్ము దులుపుకున్నాడు. "అతుకులు మాత్రం ముద్దొస్తున్నాయిరా" అన్నాడు. అందరూ డెల్మర్‌నే చూస్తున్నారు.

డెల్మర్ టోపీ తీశాడు. "రూలు నాదే," అన్నాడు. "నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కారుకుంది." తల వంచుకుని వాలు దిగాడు.

వెనక వరసలో మల్బరీ చెట్టు నీడ ఉందని అతనికి అప్పుడే తెలిసింది. మడత కుర్చీలున్నాయి. వానెటా అప్పటికే ఒకదాంట్లో ఉంది. వెనక వరసకి పెద్ద దిక్కయిన ఒపల్ అనే ఆవిడ పీచ్ పండ్లు కూరి కాల్చిన వేడివేడి తీపి 'పై' కోస్తోంది.

"ఇన్నేళ్లూ ఇక్కడ 'పై' ఉందా?" డెల్మర్ గొంతులో నిజమైన బాధ పలికింది.

"నువ్వేసిన శిక్షేగా, డెల్మరూ," ఒపల్ పళ్లెం చేతికిచ్చింది. "ఓపిగ్గా అనుభవిస్తున్నాం."

రెండో ముక్క పూర్తయ్యేసరికి హార్లన్ తన కుర్చీ ఎత్తుకుని దిగొచ్చాడు. పైన ఎండగా ఉందట. పొద్దు గుంకి కాస్సేపయింది.

ఇంటికి బయల్దేరేటప్పుడు వానెటా చెయ్యి చాచింది. డెల్మర్ ఆ చేతిని చూశాడు, తాళంచెవిని చూశాడు, ఇచ్చేశాడు.

తలలూపుతున్న చమురు పంపుల మధ్యనుంచి ఆమె కారుని అతను ఎన్నడూ తోలనంత వేగంగా తోలింది. ఇంజను గొంతు మారినప్పుడల్లా పక్క సీట్లో డెల్మర్ ఎడమకాలు ఖాళీ నేలని భక్తిగా తొక్కుతోంది. మోకాలు కిక్కురుమనలేదు.

"ఆ కాలు తియ్యవోయ్," అంది వానెటా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నా కారు నేల అరిగిపోతుంది."