ఒక్క చేత్తో తిప్పే పిడి

పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయాక, ఇష్టంగా కొనుక్కున్న, లోహాన్ని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మిషన్‌ను అమ్మేద్దామా అన్న ఆలోచనతోనే విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాను. ఫోన్‌లో, కోసే టూల్‌ను పట్టి ఉంచే టూల్‌పోస్టుల ఫొటోలు చూస్తుంటే పక్కసీటులోని పెద్దావిడ తొంగి చూసి, కదలని నా ఎడమచేతిని గమనించింది.

"మావారిదీ ఒంటిచెయ్యేనండీ. బోల్టులు బిగించేది వద్దు. పిడి తిప్పితే టూల్ ఊడొచ్చేది తీసుకోండి. ఆయన దాంతోనే ఇత్తడి బొంగరాలు చేస్తారు."

లేని పిడిని ఆవిడ గాలిలో మెల్లగా తిప్పింది. కిటికీ అవతల వరిచేలూ, కాలువా ఆ చేతి వెంటే తిరుగుతున్నట్టు అనిపించింది.

కూచిపూడిలో దిగుతూ, "మొదట్లో వంకరగా వస్తాయి, విసుక్కోకండి," అంది.

ఆ సాయంత్రమే పిడి ఉన్న టూల్‌పోస్టు ఆర్డరు పెట్టాను. నా బొంగరాలు ఇప్పటికీ వంకరగానే తిరుగుతున్నాయి. విసుగు మాత్రం రాలేదు.