బూటు పరుపూ, పెళ్లిచూపులూ

ఆ రోజుల్లో అంటే తాతల కాలమేమీ కాదు. ఫోన్ మీద వేలు పెట్టి తోస్తే వస్తువు ఇంటికొచ్చే కాలమే. నేను నరసరావుపేటలో ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరుగా కొత్తగా చేరాను. తిరిగేది మిరప చేలల్లో, పత్తి చేలల్లో. వేసుకోవాల్సింది మాత్రం ఇన్‌షర్టూ నల్లబూట్లూ. పల్నాటి ఎండల్లో, నల్లరేగడి మీద, నల్లబూట్లతో తిరగమని నియమం పెట్టిన పెద్దమనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఆయన్ని ఒక్క మే నెల బొల్లాపల్లి పంపించి ఉండేవాణ్ని. అసలే నాకు పుట్టుకతో అరికాళ్లకు చెమట. రైతుల ఇళ్లకు వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర బూట్లు విప్పితే గచ్చు మీద నా పాదాల తడి ముద్రలు లోపలిదాకా పడేవి. ఒక పెద్దాయన వాటిని చూసి, "బయట వానేమన్నా పడుతుందా నాయనా?" అని ఆశగా అడిగాడు. వాసన సంగతి ఇక్కడ రాయను (ఆ పెద్దాయన మంచం కింద పడుకున్న కుక్క లేచి పక్కింటికి వెళ్లిపోయిందన్నంత వరకే చెబుతాను).

ఆ బాధ పడలేక ఫోన్లో వెతికి ఒక జత ఇన్‌సోల్స్ తెప్పించాను. బూటు లోపల పాదం కింద వేసుకునే మెత్తలు. చెమట పీల్చి పాదాన్ని పొడిగా ఉంచుతాయనీ, మేఘాల మీద నడిచినట్టుంటుందనీ రాశారు. నిజంగానే ఉంది. మడమ దగ్గర వేలెడు మందం. అవి పెడితే బూట్లు బిగుసుకుపోతున్నాయని ఒక సైజు పెద్ద బూట్లు కూడా కొన్నాను. మా అమ్మ వాటిని చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "మనుషులకే సరిగ్గా పరుపుల్లేవు, బూటుకి పరుపంట" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో వాటి పేరు బూటు పరుపులు. సెలవుకి మాచవరం దగ్గర మా ఊరు వెళ్లినప్పుడల్లా వాటిని ఉతికి ప్రహరీ గోడ మీద ఆరేసేవాణ్ని.

అలా ఆరేసిన ఒక ఆదివారమే నాకు పెళ్లిచూపులు. సంబంధం తెచ్చింది మా దూరపు బాబాయి. ఎప్పుడూ ఫోన్ నెత్తి మీదికెత్తి నడుస్తుంటాడు కాబట్టి ఊళ్లో అందరూ సిగ్నల్ బాబాయి అంటారు. అమ్మాయి గురజాల దగ్గర ఒక ఊళ్లో బడిలో లెక్కలు చెబుతుంది. అంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ "ఎండన పడి తిరిగే ఉద్యోగమంటగా" అని వెనక్కి పోయాయి. ఈ అమ్మాయి ఫోటో చూసినప్పట్నుంచీ నాకు మాత్రం ఇది పోకూడదని గట్టిగా ఉంది. ఫోటోలో ఆమె నవ్వు ఆపుకుంటున్నట్టుంది. దేనికి నవ్వు ఆపుకుందో పక్కన కూర్చుని అడిగి తెలుసుకోవాలనిపించింది. ఆ మాట పైకి చెబితే మా అమ్మ ఊరంతా చెబుతుందని లోపలే దాచుకున్నాను.

తీరా బయల్దేరబోతూ చూస్తే గోడ మీద ఎడమ పరుపు ఒక్కటే ఉంది, కుడిది లేదు. గోడవతల చూశాను, గేదెల కొట్టం దగ్గర చూశాను. కుక్క ఎత్తుకుపోయిందనుకున్నాను. బయట కారు హారన్ మోగుతోంది. ఉన్న ఒక్కదాన్నే ఎడమ బూటులో పెట్టుకుని, ఒక కాలన్నా హాయిగా ఉంటుంది కదా అనుకుంటూ కారెక్కాను. ఆ ఒక్కదాన్నీ తీసి పారేసి ఉంటే ఈ కథే లేదు. డిగ్రీ చదివినవాడికి ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో నాకే తెలియదు.

వాళ్ల వీధిలో కాలవ తవ్వి వదిలేశారు. కారు వీధి మొదట్లోనే ఆగింది. అక్కణ్నుంచి వాళ్లింటి దాకా నడక. అరుగుల మీద జనం, వాకిట్లో అమ్మాయి తరఫువాళ్లు, అందరి కళ్లూ మా మీదే. నా ఎడమ కాలు ఎత్తులో, కుడి కాలు పల్లంలో. కుడి బూటు వదులై ఊడిపోతోంది. అది ఊడకుండా ఈడ్చుకుంటూ వేస్తున్నాను అడుగు. పక్కకి చూస్తే మా నాన్న కూడా కుంటుతున్నాడు. నేను ఎడమకి లేస్తే ఆయన కుడికి లేస్తున్నాడు. పండగలకీ పెళ్లిళ్లకీ మాత్రమే తీసే ఆయన కట్‌షూ కిర్రుకిర్రుమంటోంది.

"ఏంది నాన్నా అట్టా నడుస్తున్నావు?" అన్నాను మెల్లగా.

"నా మడమ నొప్పి సంగతి నీకు తెలవందా? నువ్వేందిరా, తాగినోడిలాగా?"

"బూటు వదులైంది."

"సరే, నెట్టుకురా."

వెనకాల అమ్మ, "ఇద్దరూ కుదురుగా నడవండయ్యా, చూస్తన్నారు" అని గొణుగుతోంది. సిగ్నల్ బాబాయి మాత్రం ఫోన్ ఎత్తి పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నడుస్తున్నాడు. మా కాళ్ల వైపు చూసి ఉంటే ఆయనన్నా ఏదో ఒకటి చేసేవాడేమో.

గుమ్మంలో అందరం చెప్పులూ బూట్లూ విప్పాం. విప్పగానే నేనూ నాన్నా నిటారుగా లోపలికి నడిచి కూర్చున్నాం. అమ్మాయి తండ్రి మా కాళ్ల వైపూ గుమ్మం వైపూ మార్చి మార్చి చూశాడు. వాళ్ల నాయనమ్మ కళ్లద్దాలు తెప్పించుకుంది. ఇల్లు పద్ధతిగా ఉందనుకున్నాను. అమ్మాయి టీ తెచ్చింది. నేను తలెత్తి చూసేసరికి ఆమె నా పాదాల వైపు చూస్తోంది. అక్కడ గచ్చు మీద నా తడి ముద్రలున్నాయి. సిగ్గుతో కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను. ఆ లాక్కోవడం కూడా అందరూ చూశారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. జంతిక నోట్లో ఉండగానే అమ్మాయి తండ్రి లేచి, "రా బాబూ, మా గేదెను చూద్దువుగాని" అన్నాడు. పెళ్లిచూపుల్లో గేదెను చూపించడం నేనెక్కడా వినలేదు. అయినా విత్తనాల కంపెనీ మనిషిని కదా, పచ్చిగడ్డి గురించి సలహా కావాలేమోననుకున్నాను. వట్టికాళ్లతో పెరట్లోకి చకచకా నడిచి, ఏ గడ్డి వేస్తే పాలు పెరుగుతాయో ఉపన్యాసమిచ్చాను. ఆయన నాకు నాలుగడుగులు వెనక నిలబడి నా పిక్కల వైపు చూస్తూ "ఆఁ, ఆఁ" అన్నాడు. తిరిగొచ్చి కూర్చున్నానో లేదో నాయనమ్మ, "ఆ అబ్బాయిని మేడెక్కించండ్రా, గాలొస్తది" అంది. మేడెక్కాను. "దిగి మంచినీళ్లు తాగు నాయనా" అంది. దిగాను. ఇంతలో మా నాన్ననీ లేపి, "రండి బావగారూ, బావి చూద్దాం" అని తీసుకుపోయారు. ఆడపిల్లను లేపి నడిపించి చూసే రోజులుండేవని మా అమ్మ చెప్పేది. ఇక్కడ మగపెళ్లివాళ్లను, తండ్రినీ కొడుకునీ కలిపి, నడిపిస్తున్నారన్న సంగతి నా బుర్రకి అందలేదు.

చివరికి అమ్మాయి తండ్రి, "పక్కనే మా చేను, ఒకసారి పోయొద్దాం, బూట్లేసుకో బాబూ" అన్నాడు. వేసుకున్నాను. మళ్లీ కుంటు. తిరిగొచ్చి విప్పాను. మళ్లీ చక్కగా నడిచాను. అప్పుడు నాయనమ్మ కొడుకు చెవిలో, ఊరంతటికీ వినపడేట్టు, "ఇప్పితే బాగనే ఉండాడు, తొడిగితే కుంటతన్నాడు. ఇదేం జబ్బురా?" అందట. నాకొక్కడికే వినపడలేదు, నేను ఫ్యాన్ కింద పాదాలు ఆరబెట్టుకునే పనిలో ఉన్నాను.

ఆ తర్వాత మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని మేడ మీదికి పంపించారు. ఆమె కాసేపు పిట్టగోడ మీద వేలితో గీతలు గీసి, "ఒకటడుగుతాను, ఏమీ అనుకోరుగా?" అంది.

"అడగండి."

"మీ కాళ్ల సంగతి. ఎప్పట్నుంచి అలా?"

గచ్చు మీద ముద్రలు చూసేసిందిగా, ఇక దాచేదేముంది. కాబోయే మనిషి దగ్గర అబద్ధమెందుకని, "చిన్నప్పట్నుంచీ ఉందండీ" అన్నాను.

"మీ నాన్నగారిక్కూడా ఉన్నట్టుంది?"

"ఉంది. మా వంశంలోనే ఉన్నట్టుంది. డాక్టరుకి చూపించాం. మందేమీ లేదు, అలవాటు చేసుకోమన్నాడు."

ఆమె ముఖంలో జాలి కనపడింది. చెమటకి ఇంత జాలిపడే మనిషి ఎంత మంచిదో అనుకుని నేను ఇంకాస్త ధైర్యం చేశాను.

"ఇప్పుడంత ఇబ్బంది లేదండీ. ఈ మధ్యే లోపల మెత్తగా ఒకటి పెట్టుకుంటున్నాను, చానా హాయిగా ఉంది. కాకపోతే అప్పుడప్పుడూ బయటికి తియ్యాలి."

"బయటికి తీస్తారా?"

"ఆదివారాలు తీస్తాను. సబ్బుతో కడిగి గోడ మీద ఆరేస్తాను. ఇవాళ పొద్దున ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది. అందుకే నడకట్టా ఉంది."

ఆమె పిట్టగోడ పట్టుకుంది. తర్వాత, "నొప్పిగా ఉండదా తీసేటప్పుడు?" అని అడిగింది. "నొప్పెందుకు, అలవాటేగా" అన్నాను. ఆ మాటకి ఆమె నా వైపు చూసిన చూపులో ఏముందో నాకు తెలియలేదు. బాగా నచ్చాననే అనుకుని, దిగేటప్పుడు మెట్లు రెండేసి చొప్పున దిగాను. కింద నిలబడ్డ వాళ్ల నాన్న నన్ను చూసి తల గోక్కున్నాడు.

వారం రోజులదాకా వాళ్ల దగ్గర్నుంచి కబురు లేదు. నాకు అన్నం సయించలేదు. చేలో నిలబడి రైతుకి ఒక విత్తనం బదులు ఇంకో విత్తనం గుణగణాలు చెప్పాను. చివరికి, నేను సెలవుకి ఊళ్లో ఉండగా, సిగ్నల్ బాబాయి మా ఇంటికొచ్చి, మంచం మీద కూలబడి, "అన్నయ్యా, వాళ్లు కాదనలా, ఔననలా. ఒక్క ముక్క కనుక్కోమన్నారు" అన్నాడు.

"ఏందది?" అన్నాడు నాన్న.

"మీవాడి కాలు ఊడొస్తదా, అని."

అమ్మ నా కాళ్ల వైపు చూసింది. నిజం చెప్పొద్దూ, నేను కూడా చూసుకున్నాను. "ఎవరి కాలు?" అంది అమ్మ. "ఇద్దరిదీ అడిగారు వదినా. తండ్రిది కుడికాలు, కొడుకుది ఎడంకాలు పెట్టుడు కాళ్లేమోనని నాయనమ్మ అనుమానం. ఆదివారాలు తీసి కడిగి గోడ మీద పెడతారంట, ఒకటి కుక్క తీసుకుపోయిందంట. అబ్బాయే చెప్పాడంట మేడ మీద" అన్నాడు బాబాయి. అప్పుడు మేడ మీద మాటలన్నీ నాకు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చి, ఒళ్లంతా చెమట పట్టింది, అరికాళ్లతో సహా.

"అది కాలు కాదు బాబాయ్, బూటు పరుపు. కుడిది పోయింది" అన్నాను ఏడుపు గొంతుతో.

మా నాన్న నింపాదిగా లేచి, మంచం కింద నుంచి కట్‌షూ లాగి, కుడిదాన్లో చెయ్యి పెట్టి నా పరుపు బయటికి తీశాడు. కట్‌షూ కొలతకి చుట్టూ కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంది. "పోలేదు, నా దగ్గరుంది" అన్నాడు.

"నువ్వు తీసుకున్నావా? చెప్పొచ్చుగా నాన్నా."

"చెప్పేదేముందిరా. నా నొప్పి కుడి మడమకి. రెండున్నాయిగా, నీకొకటి నాకొకటి. రెండూ తీసుకుంటే నీకేం మిగుల్తది?"

నేను ఆ పరుపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అమ్మ మాత్రం, "ఏమయ్యా, నీ మడమ సంగతికి నా కొడుకు పెళ్లి కాకుండా పోయేట్టుందే" అని తల పట్టుకుంది. సిగ్నల్ బాబాయి ఉపాయం చెప్పాడు. నోటి మాట వాళ్లు నమ్మరు, నడిచేది వీడియో తీసి పంపించాలన్నాడు. అలా నేనూ మా నాన్నా మామూలు చెప్పులేసుకుని మా వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరికి పక్కపక్కన నడిచాం. అమ్మ వెనక నుంచి "నవ్వుతా నడవండి" అని కేకేస్తోంది. ఎదురింటి పిన్ని, "ఏందక్కా, ఏమన్నా మొక్కా?" అని అడిగింది. నాన్న కోరి మరీ రెండోసారి నడిచి, ఆఖర్న పంచె పైకెత్తి రెండు పిక్కలూ గట్టిగా చరిచి చూపించాడు. ఆ వీడియో పంపించడానికి బాబాయి ఫోన్ ఎత్తి పట్టుకుని ఊరవతల దాకా నడిచాడు.

సాయంత్రానికి ఔననే కబురొచ్చింది. పెళ్లయింది. ఆ వీడియోయే నా పెళ్లి చేసిందని ఎన్నో ఏళ్లు అందరికీ చెప్పుకుని తిరిగాను. మొన్నామధ్య నేనూ మా ఆవిడా నరసరావుపేటలో బట్టల కొట్లో పని చూసుకుని వస్తున్నాం. చేలగట్లన తిరిగి తిరిగి నాది మరీ దూకుడు నడక అయిపోయింది. నేను ఎక్కడో ముందు పోతున్నాను, సంచులు పట్టుకుని ఆమె ఎక్కడో వెనక వస్తోంది. ఆగి, "తొందరగా రా, బస్సు పోతది" అన్నాను. ఆమె నిదానంగా దగ్గరికొచ్చి నిలబడింది.

"మీకొక సంగతి తెలుసా, ఆ వీడియో రాకముందే నేను సరేనన్నాను. మీరెళ్లిన రాత్రే" అంది.

"కాలు ఊడొస్తుందనుకున్నావుగా?"

"అనుకున్నా. మా నాన్న వద్దంటే వద్దన్నాడు. ఊడొచ్చే కాలు గురించి కూడా దాచకుండా చెప్పాడు, ఇంకేం దాస్తాడు, నెమ్మదిగా నడుద్దాంలే ఇద్దరం, అన్నాను."

ఆమె చేతిలో సంచులు తీసుకున్నాను. ఆమె నవ్వు ఆపుకుంటూ, "ఒక్కోసారి అనిపిస్తది, ఆ కుంటాయన్నే చేసుకోవాల్సింది, కనీసం పక్కన నడిచేవాడు" అంది. ఒక బూటు ఎత్తులో, ఒక బూటు పల్లంలో, ఏమీ అర్థం కాకుండా ఆ వీధిలో ఈడ్చుకుంటూ వచ్చిన ఆ పిల్లగాణ్ని తలుచుకుంటే నాకూ కాస్త అసూయ కలిగింది. ఆమె సరేనన్నది వాడికి, నాకు కాదు. బస్సు పోయింది. తరవాతి బస్సు దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.