రెండో డిస్కు

పోయిన వారం కంప్యూటర్‌లో ఒక బొమ్మ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో కూర్చుని విమానం నడిపే సిమ్యులేటర్ ఒకటుంది. దాన్ని ఆట అంటే నాలాంటి రిటైరైన వాళ్ళు ఒప్పుకోరు, కానీ ఆటే. అందులోని విమానాలకు మనకు నచ్చిన రంగులు వేసుకోవచ్చు. ముక్కు నుంచి తోకదాకా రంగులూ గీతలూ అక్షరాలూ అన్నీ కలిపి లివరీ అంటారు. వేసినవాళ్ళు వాటిని నెట్‌లో పెడతారు, తక్కినవాళ్ళు దింపుకుంటారు. పోయిన వారం ఎవడో, ఏ దేశంవాడో, దక్షిణాఫ్రికాలో, మా డర్బన్‌లో ఒకప్పుడు తిరిగిన ఇండియన్ల బస్సుల రంగులతో ఒక జెట్ విమానాన్ని ముస్తాబు చేసి పెట్టాడు. కింద బోలెడన్ని మెచ్చుకోళ్ళు. ఎంత అందం, ఎంత చరిత్ర అని పుట్టి ఒక్కసారీ ఆ బస్సెక్కని వాళ్ళంతా రాశారు. పసుపు గీతను తిన్నగా వెనకదాకా లాగేశాడు. అది వెనక చక్రం దగ్గర లేవాలి, లేచి మామిడి పిందెలా వంగాలి. అన్ని బస్సులకూ అలా ఉండేది కాదు, మా బస్సుకు ఉండేది. తప్పు చెప్పాలని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? టీ చల్లారేలోగా ఆ కోపం వాడి మీద కాదని తెలిసిపోయింది.

మా చిన్నాన్నకు ఒక్క బస్సుండేది. చాట్స్‌వర్త్ నుంచి డర్బన్ మార్కెట్‌కు, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి. ఆయనే డ్రైవరు, ఆయనే మెకానిక్కు, ఆయనే పెయింటరు. ఉమ్‌జింటో చెరకు తోటల్లో నానమ్మ కలుపు తీసి పెంచిన ఇద్దరు కొడుకుల్లో ఆయన చిన్నవాడు. పెద్దవాడు మా నాన్న, నాకు మీసాలు రాకముందే పోయాడు. ఆ రోజుల్లో ప్రతి బస్సుకూ ఒక పేరు, ఒక రంగు, ఒక హారన్ పాట ఉండేవి. మా బస్సు నుదుటి మీద నానమ్మ పేరుండేది. కింద మెరూన్, పైన మీగడ రంగు, మధ్యలో నేను చెప్పిన పసుపు గీత. చిన్నాన్న ఏటా దీపావళికి ముందు ఆ గీతను కుంచెతో మళ్ళీ దిద్దేవాడు. ఆ రెండు రోజులూ ఊపిరి బిగబట్టి పని చేసేవాడు కాబట్టి ఇంట్లో ఎవరినీ తిట్టేవాడు కాదు. తక్కిన రోజులు తిట్టేవాడు. సీటు మీద కాళ్ళు పెట్టిన కుర్రాళ్ళను, బ్రేకులను, వానను, మునిసిపాలిటీని, అందరినీ తెలుగులోనే తిట్టేవాడు. మూటలతో ఎక్కే జులూ అవ్వలను కూడా తెలుగులో తిడితే వాళ్ళు జులూలో తిరిగి తిట్టేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా లెక్క సరిపోయేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆదివారాల్లో మా వీధి పిల్లలందరినీ ఎక్కించుకుని తెలుగు బడికి తీసుకుపోయేవాడు. ఈ నాలుగక్షరాలు నాకు ఆ బస్సు పుణ్యమే.

తర్వాత మినీబస్ టాక్సీలు వచ్చాయి. మెట్లెక్కనక్కరలేదు, ఇంటి ముందే ఆగుతాయి, నిమిషానికొకటి. మొదట ప్రయాణికులు తగ్గారు, ఆ తర్వాత స్టాపు దగ్గర టాక్సీలవాళ్ళెవరో అడ్డంగా నిలబడి ఈ దారిలో మళ్ళీ కనిపించొద్దని చిన్నాన్నకు నెమ్మదిగా చెప్పారు. దేశమంతా వరసలో నిలబడి మొదటిసారి ఓటేసిన ఏడాది, మా బస్సు చక్రాలు ఊడదీసి ఇటికల మీద పెరట్లో నిలబడి ఉంది. చిన్నాన్న ఓటేసి వచ్చి, చెప్పులైనా విడవకుండానే, ఇనుప సామాను కొనేవాడిని గేటు దగ్గర్నుంచే తరిమేశాడు. ఎవరు అడిగినా అదే మాట. "ఐకోనా, కుదరదు. మాయమ్మని ముక్కలు కొయ్యనిస్తానా?"

నా కోపం వేరు. ఉమ్‌కోమాస్ దగ్గరి కలప గుజ్జు మిల్లులో మీటర్లు బాగుచేసే పని నాది. చిన్నప్పుడు విమానం నడపాలని ఉండేది. మా రంగువాళ్ళకు ఆ తలుపు మూసే ఉంటుందని బడిలో మాస్టారే చెప్పి, లెక్కలు బాగా చెయ్యమన్నారు. తలుపు తెరిచేసరికి నాకు నలభై దగ్గర పడ్డాయి, కళ్ళజోడు వచ్చింది. అందుకని కంప్యూటర్ కొన్నాను. సాయంత్రం పడగ్గదిలో కూర్చుని డర్బన్ నుంచి లేచి సముద్రం మీద తిరిగి మళ్ళీ డర్బన్‌లో దిగేవాణ్ణి. మా ఆవిడ ఇస్త్రీ చేసుకుంటూ, దిగినప్పుడల్లా, "వచ్చేశారా, కూరగాయలేమైనా తెచ్చారా?" అనేది.

నగరంలో ఇలాంటివాళ్ళ క్లబ్బు ఒకటుండేది. గుట్ట మీద ఒక చిన్న హాలు, నెలకోసారి కలుసుకోవడం. సభ్యులంతా తెల్లవాళ్ళే. అంతకుముందు నాలాంటివాణ్ణి రానిచ్చేవాళ్ళో లేదో తెలియదు, నేను అడగలేదు. ఓట్లయ్యాక ఒకాయన మిల్లులో నాతో మాట కలిపి రమ్మన్నాడు, వెళ్ళాను. మర్యాదగానే ఉన్నారు, టీ ఇచ్చారు. నేను ఆ రోజుకు వారం ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాణ్ణి. ఆ మరుసటి ఏడు క్లబ్బుకు సొంతంగా ఒక ఉత్తుత్తి విమాన కంపెనీ పెట్టుకోవాలని, దానికి లివరీ ఎవరైనా చేసి తేవచ్చని, బాగున్నది అందరూ తమ విమానాలకు వేసుకుంటారని చెప్పారు. చిన్నాన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఏదో మాటల్లో ఈ సంగతి అన్నాను. ఆయన చేతిలో పళ్ళెం పక్కన పెట్టేశాడు.

"అంటే అందరి ఏరోప్లేన్లూ ఒకే రంగుతో తిరుగుతాయా?"

తిరుగుతాయన్నాను. మర్నాడు సాయంత్రానికి మెరూన్ పెయింటు డబ్బా చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత నెల్లాళ్ళూ వచ్చాడు. ఆయనకేం కావాలో దాచుకోలేదు. బస్సు రోడ్డు ఎక్కదు, సరే, ఆ రంగులతో, వాళ్ళమ్మ పేరుతో, ఏదో ఒక బండి మళ్ళీ తిరగాలి. ఆ క్లబ్బులోని దొరలంతా ఆ పేరున్న విమానం నడపాలి. అంతే.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు కానీ అప్పుడు సిమ్యులేటర్‌లో రంగులు చాలా తక్కువ. ఉన్నవాటితోనే సర్దుకోవాలి. విమానం చర్మాన్ని విప్పి నేల మీద పరిచినట్టు తెర మీద ఒక చదరపు బొమ్మ వస్తుంది, దాన్ని బాగా పెద్దది చేసి చుక్క చుక్కగా రంగు నింపాలి. చిన్నాన్న డబ్బా మూత తీసి తెర పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, అటూ ఇటూ చూసి, "ఇది పాకం మాడిన రంగురా, మనది కాదు" అనేవాడు. ఇంకొకటి వేస్తే ఇటిక రంగు అనేవాడు. గదంతా పెయింటు వాసన, తెర మీద ఆయన వేలి ముద్రలు, మా ఆవిడ ముఖం ముడుచుకుని కిటికీలు తెరవడం. చివరికి రెండు రంగుల చుక్కలు పక్కపక్కన అల్లితే దూరానికి మెరూన్‌లా కనిపిస్తుందని కనిపెట్టాం. ఆయన గది అవతలికి వెళ్ళి నిలబడి చూసి, ఆ నెలలో మొదటిసారి, ఏమీ తిట్టలేదు. పేరు దగ్గర ఇబ్బంది వచ్చింది. ఒకే బొమ్మ విమానానికి రెండు పక్కలా అతుక్కుంటుంది కాబట్టి ఎడమ పక్క సరిగ్గా ఉన్న అక్షరాలు కుడి పక్క అద్దంలోలా తిరగబడతాయి. తీసేద్దామన్నాను. "జనం ఎక్కేది ఎడమ పక్కే కదా, బస్సుకైనా దీనికైనా. కుడి పక్క ఎవడు చూస్తాడు? ఉంచు" అన్నాడు. గీత వెనక్కి వెళ్ళి తోక మీదికి లేచి వంగింది. అది బాగా వచ్చింది. ఇప్పుడు గుర్తు చేసుకున్నా బాగా వచ్చిందనే అంటాను.

ఆయన ఇంటికి వెళ్ళిపోయాక నేను ఇంకొకటి చేశాను. అంతా తెలుపు, పక్కన సన్నటి నీలం గీత. ఏ దేశపు విమానాశ్రయంలోనైనా కనిపించే రకం. చెయ్యడానికి గంట కూడా పట్టలేదు. రెండో డిస్కు మీద ఎక్కించి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు చేస్తున్నావని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

చిన్నాన్న పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకుని నాతో హాలుకు వచ్చాడు. వెనక కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు తెల్ల మీసాల పెద్దాయన, ఒకప్పుడు నిజం విమానాలే నడిపాడు. నా మొదటి డిస్కు పెట్టాడు. విమానం తెర మీదికి రాగానే అందరూ ముందుకు వంగారు. ఆయన దాన్ని ఎడమ పక్క చూపించి, మెల్లగా కుడి పక్కకు తిప్పాడు. నానమ్మ పేరు అద్దంలోలా తిరగబడి కనిపించింది. "మార్కెట్‌కు పోయే బస్సులా ఉందే, హారన్ ఎక్కడ?" అన్నాడాయన. నవ్వారు. నిజం చెప్పాలంటే అది చెడ్డ నవ్వు కాదు. ఒకావిడ గీత అందంగా ఉందని కూడా అంది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, లేదా అవును, మా బస్సే, అదిగో దాని యజమాని అని వెనక్కి చెయ్యి చూపిస్తే చాలు. నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వి, ఇంగ్లీషులో, "కూలీ బస్సు అండీ, మిమ్మల్ని నవ్విద్దామని తెచ్చాను. అసలుది ఇదిగో" అని రెండో డిస్కు తీశాను.

కూలీ అన్నది ఇక్కడ తెల్లవాళ్ళు మావాళ్ళందరినీ కించపరిచి పిలిచిన మాట, ఆ హాల్లో వాళ్ళెవరూ వాడలేదు. వాడడానికి సిగ్గుపడే రోజులు అప్పుడే వచ్చాయి. ఒకరిద్దరు తలలు దించుకోవడం చూశాను. నానమ్మను తోటలో పిలిచిన మాట అది. చిన్నాన్నను లైసెన్సు ఆఫీసులో పిలిచిన మాట. దాన్ని ఆ హాల్లోకి తెచ్చింది నేను. తెల్ల విమానం అందరికీ నచ్చింది, చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

కారులో ఆయన పెళ్ళి కోటు బొత్తాలు విప్పుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. తిడతాడని ఎదురు చూశాను, తిడితే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. చాట్స్‌వర్త్ కొండ ఎక్కుతుంటే అడిగాడు.

"ఆ రెండోది ఎప్పుడు చేసినావు?"

నేను గేరు మార్చాను.

"అయితే ఆళ్ళు నవ్వకముందే నువ్వు నవ్వేసినావన్నమాట."

అవతలి ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను, ఏం చెప్పాలో అనుకోకుండానే. గేటు దగ్గర చిన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. "రా నాయనా, నీ ఏరోప్లేన్‌కి రంగేస్తన్నాడు. సూసుకో" అంది. పెరట్లో చిన్నాన్న నిచ్చెన మీదున్నాడు. బస్సు సగం తెల్లగా ఉంది. మెరూన్ మీద, మీగడ రంగు మీద, నుదుటి మీది పేరు మీద పెద్ద కుంచెతో తెలుపు పూస్తున్నాడు. ఏ గీత దగ్గర ఏటా ఊపిరి బిగబట్టేవాడో దాన్ని ఒక్క చేతి విసురుతో దాటిపోయాడు. ఆపమన్నాను. నిచ్చెన కాలు పట్టుకుని చిన్నాన్నా, నాది తప్పు అన్నాను. ఆయన కిందికి చూసి, బ్యాంకులో గుమాస్తాతో మాట్లాడినట్టు, "నో ప్రాబ్లెమ్. ఇట్స్ ఓకే" అన్నాడు. పక్కన నీలం డబ్బా కూడా ఉంది. సన్నటి నీలం గీత గీసి, అది ఆరాక, ఇనుప సామానువాడికి కబురు పెట్టాడు.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, మా అమ్మాయికి ఆయనే అక్షరాభ్యాసం చేయించాడు. నన్ను మాత్రం ఎన్నడూ తిట్టలేదు. నాతో తెలుగులో మాట్లాడలేదు. హౌ ఆర్ యూ, ఫైన్, థాంక్యూ. మా ఇంటికి వచ్చి కుక్కను తెలుగులో తిట్టి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో పలకరించేవాడు. నేను రెండోసారి క్షమాపణ అడగలేదు. అడగకపోవడానికి ఏదో ఒక పని ఎప్పుడూ దొరికేది. ఆ క్లబ్బు రెండు మూడేళ్ళకు మూతపడింది. నేను పాడుపని చేసి గెలిచిన తెల్ల విమానం ఎవరికీ గుర్తు లేదు. మొదటి డిస్కు మీద, సభ్యులకు పంచడానికి ఖాళీ డిస్కులు తక్కువై, మా మెరూన్ విమానాన్ని చెరిపి ఆ తెల్లదే ఎక్కించి ఇచ్చేశాను, మెరూన్‌దానికి ఇంకో కాపీ లేదు. బస్సుకు ఉన్న ఫోటోలన్నీ నలుపూ తెలుపూ.

నిన్న కొత్త సిమ్యులేటర్ తెరిచి కూర్చున్నాను. ఇప్పుడు కుడి పక్క వేరు, ఎడమ పక్క వేరు. పేరు రెండు వైపులా సరిగ్గా రాసుకోవచ్చు, రాశాను. గీత తోక మీదికి లేపి పిందెలా వంచాను, చెయ్యి మరిచిపోలేదు. తర్వాత మెరూన్ దగ్గర ఆగాను. రంగుల చక్రంలో వేలు పెట్టిన చోటల్లా ఒక మెరూన్ ఉంది, ఎన్ని కావాలంటే అన్ని. ఒకటి వేసి, లేచి గది అవతలికి వెళ్ళి నిలబడి, ఒక కన్ను మూసి చూశాను. ఆ రోజుల్లో రంగులు చాలలేదు, ఇది మనది కాదురా అని తిట్టేవాడు ఉండేవాడు. ఇప్పుడు రంగులన్నీ ఉన్నాయి. ఏది వేసినా ఎవరూ ఏమీ అనరు.