ఏటి అవతలి బడికి ఫీజు

మా నాయినకు లెక్కలు రావని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వేలిముద్ర వేసే మనిషే, కాదనను. కానీ మందను ఒక్కసారి చూసి ఒక గొర్రె తక్కువైతే చెప్పేసేవాడు. అలాంటివాడు నా బడి ఫీజు దగ్గర తప్పాడు.

మాది హుజూర్‌నగర్ దగ్గర, కృష్ణకు ఈవలి ఒడ్డున ఉన్న ఊరు. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఊళ్లో బడి నాలుగో తరగతి వరకే. ఆపైన ఆడపిల్లకు రెండే దారులు కనిపించాయి: హైదరాబాదు, లేదంటే ఏటి అవతల ఒక ప్రైవేటు హాస్టలు బడి. హైదరాబాదులో ఉర్దూ రావాలి, తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఏరు దాటితే తెలుగులోనే చదువు. పొద్దున ఏటి ఒడ్డున పుట్టి ఎక్కితే పొద్దుగూకేలోపు చేరొచ్చు. కాకపోతే అది వేరే రాష్ట్రం. మా దగ్గర ఇంకా నిజాం నాణెం హాలీ సిక్కా నడుస్తున్న రోజులవి, అవతల కల్దారు రూపాయలు. మా అవ్వ లెక్కలో అది పరాయి దేశమే.

మా పంతులు ఆ బడి కాగితం తెప్పించి చదివి వినిపించాడు. ఫీజు, హాస్టలు కలిపి అరవై రూపాయలు. నాయిన వారం రోజులు దాని మీదే ఉన్నాడు. అరవై కల్దారుకు డెబ్బై హాలీ అని షావుకారును ఒకసారి, పుట్టి నడిపేవాణ్ని ఒకసారి అడిగి రూఢి చేసుకున్నాడు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, రెండు జతల బట్టలు, కంచం, గ్లాసు, రానూపోనూ కిరాయి, అన్నీ వేలి గణుపుల మీద వేశాడు. ఆ అరవై ఏడాదికి ఎన్నిసార్లు కట్టాలో మాత్రం అడగలేదు. గొర్రెలు మేపినందుకు సర్కారుకు మేం కట్టే పుల్లరి ఏడాదికి ఒక్కసారే. అది కడితే మళ్లీ ఏడాది దాకా ఎవడూ గడప తొక్కడు. ఫీజూ అంతేననుకున్నాడు. పంతులూ చెప్పలేదు.

మా ఇళ్లల్లో బిడ్డ పుట్టగానే ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరున వదులుతారు. దాని సంతానమంతా ఆ బిడ్డదే. అప్పటికి నావి పద్నాలుగు. నీ సొమ్ముతోనే నువ్వు చదువుకుంటున్నావని మురిసిపోతూ నాయిన తొమ్మిదింటిని అమ్మాడు. మిగిలినవి ఈనితే వచ్చే ఏటి ఫీజుకు సరి అన్నాడు.

బడిలో మొదటి వారం నా మాటకు పిల్లలు నవ్వారు. నేనేం తక్కువ తిన్నానా, వాళ్ల సాగదీతను వెక్కిరించాను. నెల తిరిగేసరికి అందరం ఒకే జట్టు. ఆ బడంటే నాకు ప్రాణమైపోయింది. అంతలో పక్క మంచం పిల్ల, దసరాకు మీ నాన్న రెండో టర్ము ఫీజు తెస్తాడా అని అడిగింది. ఆ అరవై ఏడాదికి మూడుసార్లు కట్టాలని అప్పుడు తెలిసింది. ఇంటికి ఉత్తరం రాయలేదు. రాస్తే నాయిన వచ్చి తీసుకుపోతాడని భయం. రెండు నెలలు దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను.

దసరా సెలవులకు నాయిన గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. గుమస్తా ఆయన చేతిలో కాగితం పెట్టాడు. ఏడాదిది కట్టాను కదా అన్నాడు నాయిన. అది మొదటి టర్ముకేనండీ, ఇంకా రెండున్నాయి అన్నాడు గుమస్తా, మర్యాదగానే. చదవడం రాని నాయిన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వరండాలో కూర్చుని గణుపులు లెక్కపెట్టాడు. నా ఐదు గొర్రెలు చాలవు. తన మందలోంచి ఈ ఏడాదికి ఏడెనిమిది, వచ్చే ఏడాదికి పద్దెనిమిది అమ్మాలి. ఉన్నవే నలభై. ఇంట్లో ఐదుగురి తిండి వాటి మీదే.

"నా మందలకెల్లి తీస్త. నీ సదువు ఆగది బిడ్డా" అన్నాడు.

"నాకు గీడ ఉండబుద్ధి అయితలేదు నాయినా. నా మాటకు అందరు నగుతున్నరు. ఇంటికొస్త."

"నిజమేనా?"

"నిజమే."

ఆయన ముఖం తేటపడింది. అది చూసి నా గుండె పగిలింది. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఏడ్చి నిజం చెప్పేసేదాన్నేమో. అడగలేదు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. పుట్టిలో నీళ్ల వైపు తిరిగి ఏడుస్తుంటే, బడిపిల్లల మాటలకే అనుకుని వీపు నిమిరాడు.

ఆ తర్వాత ఊరందరికీ అదే చెప్పాడు: తాను పంపాడు, పిల్లకే ఓపిక లేకపోయింది. నా పెళ్లిలో మగపెళ్లివాళ్లకూ చెప్పాడు. కోపం రాలేదంటే అబద్ధం. ఎన్నోసార్లు నిజం నోటిదాకా వచ్చి ఆగింది.

పందొమ్మిది వందల అరవైల్లో నల్లగొండ దవాఖానలో ఆయన మంచాన పడి ఉన్నాడు. ఒక రోజు నర్సమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటుంటే కన్నార్పకుండా చూశాడు.

"గప్పుడు జర ఓర్సుకుంటే నువ్వు గూడ గిట్లనే కొలువు చేస్తుంటివి. ఎందుకు ఓర్సుకోలేదు బిడ్డా?"

"చిన్నదాన్ని నాయినా, తెల్వలే. తప్పు నాదే" అన్నాను.

పోనీలే అని నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను క్షమించాడు.