రిపోర్టులో అరవై శాతం

మా ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయిలో, అంటే గనిలో, సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు వాళ్లు పనిలోకి వెళ్లకముందే లోపల మండే గ్యాస్ ఎంతుందో చూడడం ఆయన డ్యూటీ. అది కాస్త పెరిగినా పని ఆపించేవాడు.

పోయిన ఏడు ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉందని తేలింది. ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపే కొత్త మందు పనికొస్తుందో లేదో చూడడానికి గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు చేతికిచ్చి, హైదరాబాదు దవాఖానలో డాక్టరు గది బయట కూర్చోమన్నారు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు, శాతం గుర్తు చదవగలను.

“అరవై శాతమట,” అన్నాను.

ఆయన సంచీ భుజానికి వేసుకుని లేచాడు. “నడువు. బస్సుకు పోదాం.”

“డాక్టరమ్మ ఇంకా చూడనే లేదు.”

“చూసేదేముందే? బాయిల గ్యాసు ఒక్క శాతం దాటి జరంత పోతెనే కరెంటు బంద్ చేయిస్తుంటి. నా ఒంట్ల అరవై ఉన్నదంటివి. గీ మందు గూడ దండుగ.”

“ఇది బాయి కాదు, నీ పానం. కూసోవయ్యా.”

అంటూ ఆయన సంచీ పట్టుకుని ఆపాను. నేను చదివిన అంకెకే ఆయన లేచి వెళ్లిపోతున్నాడు.

లోపలికి పిలిచాక కూడా ఆయన కూర్చోలేదు. “ఇంక ఎన్ని దినాలుంట మేడం?” అని నిలబడే అడిగాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. “రోగం ఎంత ముదిరిందో చెప్పే అంకె కాదండీ ఇది,” అంది. కొన్ని క్యాన్సర్ కణాల మీద ఒక ప్రోటీన్ ఉంటుందట. దాని వల్ల ఒంట్లోని కాపలా కణాలు వాటి జోలికి పోవట. ఆయన ముక్కలో నూటికి అరవై క్యాన్సర్ కణాల మీద అది కనబడింది. కొత్త మందు ఆ అడ్డునే తొలగిస్తుంది కనుక, అంకె పెద్దదైతే మందు పనిచేసే అవకాశం ఎక్కువ.

“అయితే తగ్గుతదా?”

“ఖాయమని చెప్పలేను. ఎక్కువున్నా కొందరికి పనిచెయ్యదు, తక్కువున్నా కొందరికి చేస్తుంది. మీకు మొదలుపెట్టడానికి మాత్రం మంచి కారణముంది.”

అప్పుడు కూర్చున్నాడు.

చదువు రానప్పుడు నేను ప్రతిదీ ఎవరినో ఒకరిని అడిగేదాన్ని. వచ్చాక అడగడం తగ్గించాను. అంకె చదవడం వేరు, అది దేన్ని లెక్కపెట్టిందో తెలియడం వేరు.

మొదటిసారి మందు ఎక్కించే రోజు ఆయన పట్టుబట్టి అన్నం డబ్బా కట్టించుకున్నాడు.

“ఎంతసేపు బిడ్డా?” అని నర్సును అడిగాడు.

“అర్ధగంటే తాతా.”

“గంతేనా? నేను షిఫ్టంత ఉండాలె అనుకున్న,” అంటూ చేయి చాపాడు.

మందు పనిచేస్తున్నదీ లేనిదీ స్కాన్ తీస్తే గానీ తెలియదట. అది వచ్చే నెల.