బాపమ్మ బొట్టు పెట్టిన రైలింజను

హిమాయత్‌నగర్‌లో మేముండే అపార్టుమెంటు కింద జాకెట్లు కుట్టే దుకాణం ఒకటి ఉంది. అప్పుడప్పుడు ఆ దర్జీ తన మిషన్‌కు నూనె వేస్తుంటాడు. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, చేతిలో కూరగాయల సంచి, తలలో తెల్ల వెంట్రుకలు, ఆఫీసులో నేనొస్తుంటే మాటలాపే మనుషులు, ఇవన్నీ ఎటు పోతాయో ఏమో, ఒక్క క్షణం మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోయి మా బాపు స్కూటర్ చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి నిలబడతాను. చిన్నతనం అనగానే చాలామందికి మల్లెపూలో, మామిడి పిందెలో గుర్తుకొస్తాయట. అదృష్టవంతులు. నాకు కుట్టుమిషన్ నూనె గుర్తుకొస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో ఆ నూనె అమ్మ మిషన్‌కు తక్కువ, బాపు రైలింజనుకు ఎక్కువ ఖర్చయ్యేది.

అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మెట్లెక్కితే వచ్చే రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. పొద్దున్నే రైలు కూతతో లేవడం, కిటికీ ఊచల మీద పేరుకున్న మసిని బాపమ్మ తడిబట్టతో తుడవడం, కింద హోటల్ నుంచి పైకి లేచే చాయ్ పొగ, మధ్యాహ్నం ఎండకు కాలే గచ్చు మీద అష్టాచెమ్మా కోసం గీసిన సుద్దముక్క గీతలు, చలికాలం రాగానే నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానం నుంచి రాత్రి దాకా గాలిలో తేలొచ్చే మైకుల పాటలు, వీటి మధ్య నేను పెరిగాను. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి. సిద్దిపేట దిక్కు పల్లెలో జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, తాత పోయాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. మోకాళ్ళ నొప్పులకు గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపుకుని కూర్చునేది, ఎప్పుడూ ఏదో ఒకటి ఏరుతూ ఉండేది, బియ్యం కాకపోతే చింతపండు, చింతపండు కాకపోతే నా తల. రాత్రి ఆమె పక్కన పడుకుని ఆ గరుకు చెయ్యి వీపు మీద పడితే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

బాపు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ రైలింజను ఆయనకు ఆబిడ్స్‌లో దొరికింది. ఆదివారాల్లో దుకాణాల షట్టర్లు దించి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచేవాళ్ళు కదా, ఆ పుస్తకాల గుట్టల మధ్యలోనే చెడిపోయిన రేడియోలు, అద్దాలు పగిలిన కెమెరాలు కూడా కనబడేవి. అక్కడి నుంచి ఒకరోజు రుమాలులో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. ఎవరో దొరల ఇంట్లోంచి బయటపడ్డ విదేశీ బొమ్మ. జానెడు పొడవు, ముదురు ఎరుపు, పైకప్పు మీద ఈనెల్లాంటి సందులున్న చిన్న జాలీ. డబ్బా లేదు, ఎలా విప్పాలో చెప్పే కాగితం లేదు. అది నడవదు కూడా. మా బాపు ఎన్నో ఆదివారాలు దాని ముందు కూర్చుని, చివరికి నడిపించాడు. లోపలి గదిలో ఒక చెక్క బల్ల మీద పట్టాలు గుండ్రంగా బిగించాడు.

దాన్ని విప్పడం నేను గడప అవతల నిలబడి ఎన్నిసార్లు చూశానో. గడప దాటే ధైర్యం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. పైకి కనిపించే ఎర్రటి ఇంజనంతా వట్టి డొప్ప. మోటారు, పళ్ళచక్రాలు దాని లోపల ఉంటాయి. డొప్పకు ఎక్కడా స్క్రూ ఉండదు, లోపలివైపు గోరంత కొక్కేలు పట్టుకుని ఉంటాయి. బాపు పాత పెళ్ళి పత్రికలను సన్నగా కత్తిరించుకుని, ఇంజనును మడత పెట్టిన తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టి, డొప్పకూ అడుగుకూ మధ్య ఆ అట్టముక్కలను ఇటొకటి అటొకటి దూర్చేవాడు. గట్టి అట్ట అయితే డొప్ప పగులుతుంది, మెత్తటిదైతే మడతపడిపోతుంది, మూలలకు పసుపు పూసిన పెళ్ళి పత్రికే సరిగ్గా సరిపోతుందని ఆయన కనిపెట్టాడు. డొప్ప వెంట్రుకవాసి వెడల్పయితే కొక్కేలు వదులుతాయి. వదిలాయి కదా అని చటుక్కున లాగామో, ముందున్న దీపం నుంచి మోటారుకు వెళ్ళే సన్నటి తీగ తెగిపోతుంది. ఆ పని జరుగుతున్నంతసేపు అమ్మ కుక్కర్ విజిల్ రాకుండా స్టవ్ ఆపేసేది.

మా బాపు ఎవరినీ కొట్టేవాడు కాదు. ఈ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. చెయ్యెత్తడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనది గొంతు. అది ఎప్పుడు లేస్తుందో, దేనికి లేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. చాయ్‌లో చక్కెర తక్కువైందని లేచేది, ఎక్కువైందనీ లేచేది. లేచిందంటే గిన్నెలు కూడా మూతలు పెట్టుకుంటాయేమో అనిపించేది. గల్లీ మొగదలలో స్కూటర్ చప్పుడు వినబడగానే అమ్మ రేడియో కట్టేసేది, నేను పుస్తకం తెరిచేదాన్ని, బాపమ్మ బారజాపిన కాళ్ళను నొప్పి పుట్టినా సరే ముడుచుకునేది. కన్నకొడుకు వస్తుంటే తల్లి కాళ్ళు ముడుచుకోవడమేమిటని నాకప్పుడు తోచలేదు. అన్ని ఇళ్ళలోనూ అంతే అనుకున్నాను.

నాకు పదేళ్ళున్న ఏడు ఉగాదికి బాపమ్మ ఇత్తడి బిందెలు తోముతూ తోముతూ, మెరుపు పోయిన రైలు పట్టాలను చూసి, వాటిని కూడా చింతపండూ బూడిదా వేసి తళతళా తోమిపెట్టింది. పట్టాల సందుల్లోకి బూడిద పోయి రైలు ఆగిపోయింది. ఆ రోజు లేచిన గొంతుకు కింద హోటల్ వాళ్ళు కూడా పైకి చూశారు.

"మల్ల నా వస్తువు మీద నీ చెయ్యి పడ్డదంటె నిన్ను ఊరికి తోలిస్త. గాడనే పడుందువు."

ఊళ్ళో ఆమెకు ఏముంది? ఇల్లు ఎప్పుడో కూలింది. దాయాదులైన పాలోళ్ళ ఇంటి వసారాలో ఉండి, వాళ్ళు పెడితే తినాలి, లేకపోతే లేదు. బాపమ్మ మాత్రం ఆ రాత్రి నాతో, "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా. వాని నోరే గట్ల, మనసు గాదు," అని పక్కకు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి బాపమ్మ కనబడకపోతే చాలు, ఊరికి పంపేశారేమోనని రెండు గదులూ వెతికేదాన్ని. బడి నుంచి వస్తూనే ముందు గోడ పక్కన ఆమె చాప ఉందో లేదో చూసుకునేదాన్ని.

దసరా వచ్చింది. బతుకమ్మ వెళ్ళిపోయినా తంగేడు పూల పచ్చి వాసన ఇంకా మూలల్లో ఉంది. సుల్తాన్ బజార్‌లో కొన్న కొత్త గౌను గంజికి గరగరలాడుతోంది, పొయ్యి మీద గారెలు పొంగుతున్నాయి, కింద స్కూటర్ చక్రాల కింద నలిగిన నిమ్మకాయల వాసన మెట్ల మీదికి వస్తోంది. ఆ రోజు పనిముట్లకు పూజ కదా. అమ్మ కుట్టుమిషన్‌కు, కత్తిపీటకు, రోలుకు, చివరికి నా కంపాసు బాక్సుకు కూడా బొట్లు పెట్టేశారు. సాయంత్రం బాపు జమ్మి ఆకు తేవడానికి గుడికి వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చాక బిల్డింగు పిల్లలందరినీ పిలిచి రైలు తిప్పి చూపించడం ప్రతి దసరాకు మా ఇంటి ఆనవాయితీ. ఏడాదంతా మాకు దొరకని నవ్వు మొహం ఆ ఒక్క గంట ఊరందరికీ దొరికేది.

నేను లోపలి గదిలోకి తొంగి చూసేసరికి బాపమ్మ బల్ల ముందు నిలబడి దండం పెట్టుకుంటోంది. ఇంజను మూతికి ఎర్రటి బొట్టు, పైకప్పు మీద పసుపు, తడి అక్షింతలు. పక్కన కొట్టిన కొబ్బరికాయ. ఆ నీళ్ళు కూడా చల్లింది.

"వాడు పానం పెట్టుకున్న వస్తువు గిదే గద బిడ్డా. కత్తిపీటకు పెట్టి దీనికి పెట్టకపోతె ఎట్ల," అంది నన్ను చూసి. మొహమంతా భక్తి.

నా కళ్ళు జాలీ మీదే ఉన్నాయి. పైన చల్లిన బియ్యపు గింజల్లో కొన్ని నేను చూస్తుండగానే ఒక్కొక్కటే సందుల్లోంచి లోపలికి జారిపోయాయి. కింద నుంచి పచ్చటి నీటిబొట్టు పట్టాల మీద పడింది. అమ్మ గారెల పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎంత పని జేసిన్రు అత్తమ్మా," అని గొణిగి, మోచేత్తో స్విచ్చి నొక్కింది. ఇంజను ఒకసారి గుర్రుమంది, వణికింది, ఆగిపోయింది. సన్నగా కమురు వాసన వచ్చింది. అప్పటికి గానీ బాపమ్మకు అర్థం కాలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి కూలబడి, "పొద్దుగాల బస్సుకు పోత తీయ్," అంది.

ఆ మాట విన్నాక తువ్వాలు మడత పెట్టింది నేనే. అమ్మ చేతుల నిండా పిండి. బాపమ్మకు చూపు ఆనదు. విప్పడం చూసినదాన్ని నేనొక్కదాన్నే. బాపు వచ్చేలోగా గింజలు తీసి, తుడిచి, మళ్ళీ డొప్ప బిగిస్తే బాపమ్మ ఉంటుంది, లేకపోతే పోతుంది. నాకు తెలిసింది అంతే. పెళ్ళి పత్రిక కత్తిరిస్తుంటే కత్తెర నా పళ్ళలాగే టకటకలాడింది. మొదటి అట్టముక్క దూరింది. రెండోది దూర్చేటప్పుడు డొప్ప కిర్రుమంది. పగిలిందనుకున్నాను. ఒళ్ళంతా చెమట, కొత్త గౌను వీపుకు అతుక్కుపోయింది. స్కూటర్ చప్పుడు కోసం ఒక చెవి బయటే పడేసి, మూడోదీ నాలుగోదీ తోశాను. లోపల ఎక్కడో టక్కుమని వదిలింది. దీపం తీగ గుర్తుంచుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ, ఇంజనును మెల్లగా బోర్లించి, డొప్పను వెంట్రుకంత వెంట్రుకంత పైకి లేపాను. తీగ తెగలేదు. డొప్ప నా చేతిలోకి వచ్చేసింది.

లోపల బియ్యపు గింజలు పళ్ళచక్రాల మధ్య నలిగి పచ్చటి ముద్దయి ఉన్నాయి. అమ్మ జడపిన్ను అందిస్తోంది. నేను ఆ ముద్దను గీకుతున్నాను. అప్పుడే గదిలో వెలుగు తగ్గినట్టయి తలెత్తితే గడపలో బాపు నిలబడి ఉన్నాడు. గుడికి ఆయన నడిచి వెళ్ళాడన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు లేదు.

ఎవరూ కదల్లేదు. ఆయన విప్పి ఉన్న ఇంజనును చూశాడు, నా చేతిలో డొప్పను చూశాడు, దాని మీద బొట్టును చూశాడు. బాపమ్మ గోడ పట్టుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా గబగబా లేచి నిలబడింది. "నేనే జేసిన బిడ్డా. పిల్లనేమనకు," అంది. బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేరుగా ఆమె ముందుకు వచ్చి చటుక్కున కిందికి వంగాడు.

బాపమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. తల పక్కకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడలోకి దూరిపోయేలా ఒదిగిపోయింది.

బాపు చేతిలో జమ్మి ఆకు ఉంది. దసరా నాడు గుడి నుంచి రాగానే బంగారమని పిలిచే ఆ ఆకును మొదట తల్లి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. ఏటా ఆయన చేసేదే. ఇంజనును చూసినా, కోపం వచ్చినా, ముందు ఆ పని చెయ్యడానికే వంగాడు.

"అవ్వా," అన్నాడు, వంగినవాడు వంగినట్టే ఉండి. "కాళ్ళు మొక్కుతున్ననే."

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బాపమ్మ చేతులు దించడానికి చాలాసేపు పట్టింది. దించి, ఒక చెయ్యి ఆయన తల మీద పెట్టి, "సల్లగుండు బిడ్డా," అంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. రైలు చూడ్డానికి పిల్లలు మెట్ల మీద దడదడలాడుతూ వస్తే అమ్మ వాళ్ళ చేతుల్లో గారెలు పెట్టి పంపేసింది.

బాపమ్మను ఊరికి పంపలేదు. ఆమె మీద బాపు గొంతు మళ్ళీ లేవలేదు, ఇది నిజం. ఇంజను శుభ్రం చేసి బిగించుకున్నాడు గానీ ఆ బొట్టు తుడవలేదు, రైలు తిప్పడానికి మమ్మల్ని పిలవనూ లేదు. అయితే బాపమ్మ మటుకు, ఆయన వస్తుంటే కాళ్ళు ముడుచుకోవడం మానలేదు. అది గమనించి కాబోలు, బాపు స్కూటర్‌ను గల్లీ మొగదలలోనే ఆపి తోసుకుంటూ వచ్చేవాడు. అయినా ఆమెకు ఎలాగో తెలిసిపోయేది. చివరికి దవాఖానలో, కళ్ళు తెరిచే ఓపిక లేనప్పుడు కూడా, ఆయన అడుగు వినబడితే దుప్పటి కింద ఆ కాళ్ళు కదిలేవి.

ఆ బిల్డింగు ఇప్పుడు లేదు. దాని జాగాలో మొబైల్ ఫోన్ల దుకాణాలు వచ్చాయి. నాంపల్లిలో తలెత్తితే మెట్రో స్తంభాలు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు ఇంకా పరుస్తున్నారు గానీ ఆ పొడుగు లేదు, తవ్వి చూసుకునే మనుషులూ తగ్గారు. పెళ్ళి పత్రికలు ఫోన్లలో వస్తున్నాయి. అమ్మ పోయింది. బాపు నా దగ్గరే ఉంటాడు, మెత్తటి ముసలాయన, నా పిల్లలు ఆయన భుజాల మీదెక్కి ఆడారు. ఆయనకు ఒకప్పుడు ఇల్లంతా హడలిపోయేదంటే వాళ్ళు నమ్మరు.

మొన్న దసరాకు జమ్మి ఆకు నా చేతిలో నుంచి తీసుకుంటూ, ఎన్నడూ ఎత్తని ఆ మాట ఎత్తాడు.

"ఆ దినం అవ్వ చేతులెందుకు అడ్డం పెట్టుకున్నది బిడ్డా? నేను ఎన్నడన్న కొట్టిన్నా?"

"లేదు బాపూ," అన్నాను.

"మల్లెందుకు?"

ఆయన నా మొహంలోకి చూస్తూ నిజంగానే జవాబు కోసం ఆగాడు. ఆ జవాబు నాకు పదేళ్ళప్పుడే తెలుసు. "ఏమో బాపూ, చాయ్ తెస్తా ఉండు," అని వంటింట్లోకి వచ్చేశాను. ఆయనకు చెప్పాలంటే నాకు ఇప్పటికీ భయం.