సుత్తితో పోయిన వంపు

మా నరసరావుపేట కాలేజీకి ఈ రోజు తనిఖీ బృందం వచ్చింది. ల్యాబ్‌లో నేను ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌తో, అంటే రాపిడి వేడితో అతికించిన అల్యూమినియం పలకలున్నాయి. చల్లారాక లోపల మిగిలిన ఒత్తిడికి అవి కాస్త వంగాయి. ఆ వంపును కొలిచి, వేడిని బట్టి కంప్యూటర్‌లో వేసిన లెక్కతో పోల్చడమే నా పీహెచ్‌డీ. ఇంకా కొలవలేదు. పొద్దున వెళ్లేసరికి పలకలు తిన్నగా, వెండి రంగుతో మెరుస్తున్నాయి.

"వంకర ముక్కలు పెడితే పరువు పోద్ది కదమ్మా. నేనే సుత్తితో కొట్టించి రంగేయించా," అన్నారు మా హెచ్‌ఓడీ.

తనిఖీకి వచ్చినాయన ఒక పలకను నిమిరి, "ఇంత తిన్నగా రావడం గొప్పే మేడమ్," అన్నాడు. థాంక్స్ చెప్పాను.

ఇప్పుడా వంపు నా కంప్యూటర్‌లో మాత్రమే ఉంది. మీరే చెప్పండి, దాన్ని కూడా సుత్తితో కొట్టించమంటారా?